మడమ కోసిన తుపాకి



పాత జాకెట్టొకటి మీ చేతికి దొరికిందనుకోండి. లోపలివైపుకి తిప్పి చూస్తే చాలు, దాని చరిత్ర అంతా బయటపడుతుంది. ఇక్కడ కుట్టు విప్పి వదులు చేశారు, అక్కడ చంక కింద ముక్క వేశారు, చేతులు కత్తిరించి మళ్లీ మడిచారు. అక్క జాకెట్టు చెల్లెలికి వచ్చిందో, పెళ్లినాటిది కాన్పు తరవాత తొడుక్కున్నారో మనం ఇట్టే చెప్పేస్తాం. ఈ విద్య మనకెవరూ నేర్పలేదు. అయినా వచ్చు.

ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం జాకెట్టు గురించి కాదు, తుపాకి గురించి. స్త్రీల శీర్షికలో తుపాకి ఏమిటమ్మా అని నవ్వకండి. జాకెట్టు చూసే కళ్లతోనే ఒక తుపాకిని చూడవలసిన అవసరం మాకు వచ్చిపడింది.

సూర్యాపేటలో మా అత్తవారింట్లో జోడు గొట్టాల తుపాకి ఒకటి ఉండేది. ఏడాదికొక్కసారి దసరాకి దాన్ని గోడ మీంచి దించి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ పైన పెట్టేవారు. మడమ మీద చెక్కిన గళ్లలో ఆ పసుపు ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. (ఇనుముకి తడి పసుపు మంచిది కాదు. ఆయుధపూజ చేసే ఇళ్లవాళ్లు పూజ అయ్యాక పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి.) మామయ్యగారు పోయాక తుపాకిని ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేకపోయింది. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషన్లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో దాన్ని అప్పగించాలి. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ఆ సంగతే చెబుతుంది. వారసులు ఆ తరవాత తమ పేర లైసెన్సుకి అర్జీ పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియక, నాన్నగారి తుపాకి కదా అని బీరువా వెనక పెట్టుకుని కూర్చుంటారు. అది నేరం.

మేం డీలరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాన్ని మధ్యకి విరిచి, లోపల తూటాలు లేవని చూసుకుని, వెలుతురుకేసి పెట్టి చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. చివరికి, "అమ్మా, దీన్ని ఎవరో చాలా మార్చారు. గొట్టాలు కోశారు, మడమ కోశారు, రింగులు పెట్టారు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు?" అన్నాడు. మా అత్తయ్యకి గుండె జారిపోయింది. ఎంచేతనంటే, అదే చట్టం 6వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం కురచ చెయ్యకూడదు. ఎనభై ఆరేళ్ల మనిషి ఈ వయసులో పోలీసులకి ఏమని చెప్పుకుంటుంది?

అదృష్టవశాత్తూ నంబరు చెరగలేదు. గొట్టాల అడుగున ఒకచోట, ట్రిగ్గరు కింది ఇనుప బద్ద మీద ఒకచోట, రెండు చోట్లా ఒకటే నంబరు. లైసెన్సు పుస్తకంలోదీ అదే. నంబరు చెరిపేసి ఉంటే మాత్రం కష్టమయ్యేది. కాదని రుజువు చేసేదాకా, తుపాకి ఎవరి దగ్గరుంటే వాళ్లే చెరిపారని చట్టం భావిస్తుంది. కనక మీ ఇళ్లలో ఇలాంటిది ఉంటే మెరుగు పెట్టించాలనే ఉత్సాహంతో నంబరున్న చోట ఆకురాయి పెట్టనివ్వకండి.

ఇక తుపాకి సంగతి. అది పన్నెండు బోరు. అంటే ఏమిటంటారా? ఒక పౌను సీసాన్ని సమంగా పన్నెండు గుండ్లు చేస్తే ఒక్కొక్క గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వెడల్పు అంతన్న మాట. సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై బోరంటే ఇంకా పెద్దదనుకునేరు, అది ఇంకా సన్నం. నూలు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడినట్టే. ఈ తేడా తెలియకపోతే ప్రాణాపాయం. ఇరవై బోరు తూటాని పొరపాటున పన్నెండు బోరులో పెడితే అది ముందుకి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. బయటికి కనిపించదు. దాని వెనక ఇంకో తూటా పెట్టి పేల్చారా, గొట్టం పగిలి చెయ్యి పోతుంది. అందుకే ఇరవై బోరు తూటాలు పసుపు రంగులో చేస్తారు.

గొట్టాల పైపట్టీ మీద మద్రాసు పి. ఆర్ అండ్ సన్స్ పేరుంది. గడియారాల షాపని మనం ఎరిగిన కంపెనీయే, ఆ రోజుల్లో తుపాకులూ అమ్మేవారు. అడుగున ఉన్న ముద్రలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పరీక్షాశాలవి. 1813లో పార్లమెంటు చట్టం చేసి పెట్టిన ఆ శాలలో ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి, పగలకపోతేనే ముద్ర వేస్తారు. గొట్టాల మీద పట్టుచీర మెరుపులాగా మెలికల మెలికల చారలున్నాయి. దీన్ని డమాస్కస్ పని అంటారు. ఇనుము, ఉక్కు బద్దీలను జడలాగా మెలిపెట్టి, కమ్మీ చుట్టూ చుట్టి, కాల్చి సుత్తితో అతికి గొట్టం చేసేవారు. చూడ్డానికి ఎంతో ముచ్చట. కానీ అవి పాతకాలపు పొగమందుకి చేసినవి. ఇప్పటి తూటాల్లోని పొగలేని మందు వాటిలో పేల్చకూడదు. తూటా పొడవు కూడా కలవదు. పాత తుపాకుల్లో చాలావాటి గూడు రెండున్నర అంగుళాలు, ఇప్పటి తూటాలు 70 మిల్లీమీటర్లు. మా మరిది కొడుకు "ఒక్కసారి పేల్చి చూద్దాం పెద్దమ్మా" అన్నాడు. డీలరు వాడికేసి చూసిన చూపుతోనే వాడు నోరు మూసుకున్నాడు.

మద్రాసులో కొన్న తుపాకి నైజాం సీమకి ఎలా వచ్చింది? ఇక్కడో చిన్న చరిత్ర ఉంది. సూర్యాపేటకీ కోదాడకీ మధ్య మునగాల ఉంది కదా. ఆ మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో తాను మాత్రం బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో భాగం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో స్థాపించినవారిలో ఒకరైన నాయని వెంకటరంగారావు ఆ మునగాల జమీందారే. 1959లో గానీ ఆ ఊళ్లు నల్లగొండ జిల్లాలో కలవలేదు. మా మామయ్యగారి అక్కగారిని, అంటే మా వారి మేనత్తని, కోదాడ పక్కన ఆ పరగణాలోకే ఇచ్చారు. తుపాకి ఆమె మామగారిది. మద్రాసు వాళ్లకి పరాయి ఊరు కాదు, లైసెన్సూ ఆ ప్రభుత్వానిదే. ఇంతవరకూ చిక్కు లేదు.

చిక్కల్లా మార్పుల దగ్గరే.

మొదట గొట్టాలు. జోడు గొట్టాల తుపాకిలో రెండు గొట్టాలూ పక్కపక్కన సమానంగా ఉండవు. వెనక ఎడంగా మొదలై ముందుకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. రెండింటి గురీ ఒకేచోట తగలాలని అలా అమరుస్తారు. కనక మూతి దగ్గర అవి దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. మా తుపాకికి మూతి దగ్గర వేలి గోరు పట్టేంత సందుంది, ఆ సందులో తగరం పోసి పూడ్చారు. ముందు భాగం కోసేశారనడానికి అదే గుర్తు. గురి చూసుకునే పూస కూడా అసలుది కాదు. ముక్కుపుడకంత ఇత్తడి బొడిపె ఒకటి, ఎవరో అవుసలి చేసిపెట్టినట్టుంది. మిగిలిన గొట్టం పొడవు టేపు పెట్టి కొలిస్తే ఇరవై అయిదు అంగుళాలు. రక్షణకో వేటకో ఇచ్చే నున్నటి గొట్టపు తుపాకికి చట్టం పెట్టిన హద్దు 20 అంగుళాలు. అంచేత ఆ భయం లేదు.

ఎందుకు కోశారు? మా మరిది చెప్పే కారణం ఒకటి, నేను నమ్మేది ఇంకొకటి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ తుపాకి దళానికి వెళ్లి వచ్చిందనీ, గొంగడి కింద దాచడానికి గొట్టాలు కోశారనీ, నడకల కోసం రింగులు పెట్టి తాడు కట్టారనీ మా మరిది అంటాడు. వినడానికి బాగుంది. అది పుట్టిన సీమ కూడా ఇదే. 1946 నుంచి 1951 అక్టోబరు దాకా సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాలు ఉడికిపోయాయి. గుతుపలు, వడిసెలలతో మొదలుపెట్టినవాళ్లు దొరల గడీల్లోంచి తుపాకులు పట్టుకుపోయారు. 1948 సెప్టెంబరులో ఇండియా సైన్యం బెజవాడ రోడ్డున కోదాడ, సూర్యాపేట మీదుగానే హైదరాబాదు వైపు నడిచింది. అదంతా నిజమే. కానీ దళానికి పోయిన తుపాకి అదే నంబరుతో, అదే లైసెన్సుతో చక్కగా ఇంటికి తిరిగి వచ్చి గోడకెక్కడం నాకు నమ్మశక్యంగా లేదు. మనింట్లో వస్తువుకి చరిత్రలో చోటు దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది. అంతమాత్రాన చోటు ఇచ్చేస్తామా?

డీలరు మామూలు కారణమే చెప్పాడు. పొలాల్లో తిరిగే తుపాకి మూతిలోకి మట్టి పోవడం సాధారణం. అది చూసుకోకుండా పేలిస్తే మూతి ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. అప్పుడు చెడిన భాగం కోసేసి మిగతాది వాడుకుంటారు. కోసిన అంచు మీది నలుపు మిగతా గొట్టం నలుపుతో సమానంగా ముదిరి ఉందనీ, కనక ఎప్పటిదో పాత పని అనీ కూడా అన్నాడు.

ఎప్పటిదో అంటే సరిపోదుగా! అత్తయ్య భయం చట్టం వచ్చిన సంవత్సరంతో ముడిపడి ఉంది. ఇల్లంతా వెతికితే 1957లో అత్తయ్య పెళ్లినాటి గ్రూపు ఫొటో దొరికింది. ఒక చివర అంగీ మీద కోటు వేసుకున్న చుట్టపాయన తుపాకి నేల మీద నిలబెట్టి పట్టుకున్నాడు. అప్పట్లో అదొక దర్జా. భూతద్దం పెట్టి చూశాం. గొట్టాలు అప్పటికే కురచ, కింద రింగు కూడా తెలుస్తోంది. మడమ మాత్రం ఆయన పంచె కుచ్చిళ్ల వెనక ఉండిపోయింది, ఏం చేస్తాం! 1959 చట్టానికి రెండేళ్ల ముందే గొట్టాలు కోసి ఉన్నాయని అత్తయ్యకి చదివి వినిపిస్తే ఆవిడ ఆ పూట అన్నం సరిగ్గా తిన్నది.

రెండోది మడమ. నన్ను పట్టుకున్నది ఇదే.

తుపాకి కర్రకి కూడా జాకెట్టులాగే కొలతలుంటాయి. ట్రిగ్గరు నుంచి మడమ చివరి దాకా ఉన్న దూరం మనిషి చేతి పొడవుకి తగ్గట్టుండాలి. ఇంగ్లండు తుపాకుల్లో అది మామూలుగా పద్నాలుగున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే పొడగరి మగవాడి చెయ్యి. పొట్టి చేతులవాళ్లు దాన్ని భుజానికి ఎత్తబోతే మడమ చంకలో తట్టుకుంటుంది, బట్టల్లో చిక్కుకుంటుంది. పైట ఉన్న మనిషైతే వేరే చెప్పాలా. మా తుపాకి అసలు కర్ర అక్రోటుది, నల్లగా నిగనిగలాడుతుంది. దాని చివర ఒకటింపావు అంగుళం మందాన టేకుముక్క రెండు మరలతో బిగించి ఉంది. అందరం అనుకున్నదేమిటంటే, మామయ్యగారు ఆరడుగుల మనిషి కనక కర్ర చాలక పొడుగు చేయించుకున్నారని. మిర్యాలగూడ వడ్లాయనతో ఆ ముక్క పెట్టించింది మామయ్యగారేనని అత్తయ్యకీ గుర్తే. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి అక్కడ వరి మొదలుపెట్టిన రోజులవి. 1967 తరవాతన్న మాట.

డీలరు ఆ మరలు విప్పాడు. టేకుముక్క ఊడి వచ్చింది. దాని వెనక అక్రోటు కర్ర మొన నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. కంపెనీ నుంచి వచ్చిన మొన కాదది. రంపంతో కోసిన మొన, రంపపు గీతలు ఒక పక్క ఇంకా ఉన్నాయి. మిగతా అంతా అరిగి, అంచులు గుండ్రబడి, చెమటా నూనే పీల్చుకుని, పాత రోకలి పట్టుకునే చోటులాగా నునుపుదేరింది. చుట్టూ సన్నటి రాగి మేకుల బెజ్జాలు, రెండు చోట్ల మేకులు కూడా విరిగి లోపలే ఉన్నాయి. తోలో, గుడ్డో మడతపెట్టి దిండులాగా కొట్టి ఉంచారు.

చూశారూ, సంగతి తిరగబడింది. మామయ్యగారు పొడుగు చేయించుకున్నది అసలు తుపాకిని కాదు, అంతకుముందే ఎవరి కోసమో కురచ చేసిన తుపాకిని. ఆ కురచ మడమ ఒకటి రెండు రోజులు పెట్టి చూసి మానేసింది కాదు. ఏళ్ల తరబడి ఒక భుజం దాన్ని అరగదీసింది. ట్రిగ్గరు నుంచి కోసిన మొన దాకా కొలిస్తే పదమూడు అంగుళాలు. డీలరు అనుమతితో, ఖాళీ తుపాకిని, నేలకేసి పట్టుకుని నేను భుజానికి ఆనించి చూశాను. నేను అయిదడుగుల ఒక అంగుళం మనిషిని. కొలిచి కుట్టించుకున్నట్టు సరిపోయింది.

కుర్రవాడి కోసం కోసి ఉండొచ్చు కదా అని మా వారు అడిగారు. ఉండొచ్చు. కానీ కుర్రవాడు ఎదుగుతాడు. నాలుగేళ్లలో వాడికది చాలకుండా పోతుంది. అంత అరుగుదల రాదు.

అత్తయ్య అంతసేపూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, కాఫీ తాగుతూ, "వదినెది అయ్యుంటది బిడ్డా" అన్నది.

మేనత్తగారికి ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. మామగారు మంచాన పడితే మరిది పట్నంలో చదువుకుంటూ ఉండిపోయాడు. జొన్న, పల్లికాయ వేసే మెట్టపొలం. రాత్రయితే అడవిపందులు. ఆమె జీతగాళ్లతో పాటు తనూ మంచె మీద కావలి ఉండేదని అందరికీ తెలుసు. చేతిలో ఏముండేదో ఎవరూ చెప్పలేదు. "తుపాకి పట్టంగ నేను చూడలే" అన్నది అత్తయ్య. "పెండ్లయిన కొత్తల వదినె ఇక్కడికొస్తే తలంటు నేనే పోసేదాన్ని. కుడిబుజం మీద నల్లగ కమిలి ఉండేది. ఒకసారి మానితే మళ్లోసారి కొత్తగ ఉండేది. ఏంది వదినె అంటే, బరువు మోసిన అనేది. నెత్తిమీద మోస్తరు గాని బుజం ముందర ఎవరు మోస్తరు?"

తుపాకి పేలినప్పుడు మడమ వెనక్కి తంతుంది. గొట్టాలు కోసి తేలికైన తుపాకి ఇంకా గట్టిగా తంతుంది. మగవాళ్లకి ఈ కమిలిన మచ్చ కనిపించే అవకాశమే లేదు. తలంటు పోసే ఆడమనిషికి తప్ప.

లైసెన్సు పుస్తకం మళ్లీ తీశాం. మొదట మామగారి పేరు, తరవాత మరిది పేరు, ఆ తరవాత మా మామయ్యగారి పేరు. యజమాని తరఫున తుపాకి పట్టుకునే మనిషి పేరు రాసుకోవడానికి కూడా లైసెన్సులో చోటుంటుంది. అక్కడ ఒక జీతగాడి పేరుంది. ఆమె పేరు ఎక్కడా లేదు. అత్తయ్య పెళ్లి ఫొటోలోనూ ఆమె లేదు. విధవరాలు కదా, శుభకార్యంలో ముందుకి రానివ్వరు. తుపాకి వచ్చి నిలబడింది.

మన వైపు ఆడవాళ్లు తుపాకి పట్టడం వింత కాదు. సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం గారు దళంలో పనిచేస్తే ఆవిడ తలకి పదివేల రూపాయల వెల కట్టారు. తరవాత 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి శాసనసభ్యురాలిగా గెలిచారు. 2022 మార్చిలో పోయారు. ఆ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి విని 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. దొరికితే తప్పక చదవండి. పోరాటం ముగిసిన ముప్పై అయిదేళ్లకి గానీ వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కలేదు. ఇక పల్లికాయ చేనుకి కాపలా ఉన్న మనిషిని ఎవరు అడుగుతారు?

రింగుల సంగతి మాత్రం నాకు తేలలేదు. ఇంగ్లీషు దొరల తుపాకులకి మామూలుగా అవి ఉండవు, వాళ్ల తుపాకి నౌకరు మోస్తాడు. మంచె ఎక్కే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కనక తాడుతో వీపుకి తగిలించుకుందని నా ఊహ. మా మరిది ఇంకా దళం దగ్గరే ఉన్నాడు.

ఇప్పుడింట్లో వాదం ఏమిటంటే, కర్ర మొత్తం మార్పించి, కొత్త అక్రోటు మడమ వేయించి, మెరుగు పెట్టించి అమ్మితే మంచి ధర వస్తుందని మరిది. పాత విదేశీ తుపాకులకి గిరాకీ ఉన్నమాట అబద్ధం కాదు. నేను వద్దన్నాను, అత్తయ్యా వద్దన్నది. కోసిన మొన పోతే ఇక ఆమె ఉందనడానికి ఏం మిగులుతుంది? మా ఆడపడుచు కూతురు, వకీలు, తన పేర లైసెన్సుకి అర్జీ పెట్టింది. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే ఆ రెండింటిలోనే లెక్క. ఆ పిల్లకి ఒక్కటీ లేదు కనక ఆ చిక్కు లేదు. ఫలితం ఇంకా రాలేదు.

ఈ లోపల మేం చేసిన పని చెబుతాను, మీ ఇళ్లలో పాత వస్తువులున్నవాళ్లకి పనికొస్తుంది. ఏదీ తోమకుండా, ఏదీ విప్పదీసి పారెయ్యకుండా, ప్రతి అతుకునీ ముందు ఫొటో తీశాం. కొలతలన్నీ ఒక నోటుబుక్కులో రాశాం. ఎవరు ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే, తేదీ వేసి రాశాం. మా మరిది చెప్పిందీ రాశాం. అత్తయ్య చెప్పింది చదివి వినిపిస్తే ఒక్కచోట దిద్దించింది. కుడిబుజం అని రాశావా, ఎడమ అని రాశావా అని రెండుసార్లు అడిగి, తన కుడిభుజం మీద చెయ్యి పెట్టి చూపించి, ఇంతమేర అని వేళ్లతో కొలిచింది. మూడు వేళ్లు. అది కూడా రాశాం.

టేకుముక్క మళ్లీ బిగించలేదు. మరలతో సహా గుడ్డసంచిలో కట్టి, తుపాకితో పాటే డీలరు దగ్గర ఉంచాం. రసీదులో రెండూ విడివిడిగా రాయించాం.